పెళ్ళిలో పూలపిల్లలకి గౌన్లు ఇంట్లోనే కుట్టాలి, నర్సాపురం లేసుతో. బట్ట లెక్క, కుట్టే వరస చెప్పగలరా?

కత్తెర_టేపు (భీమవరం)

అందరికీ నమస్కారమండి. మే నెలాఖరులో మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళి, పాలకొల్లు చర్చిలో. పెళ్ళికూతురి ముందు పూలబుట్టలు పట్టుకుని నడిచే పిల్లలు నలుగురు. వయసులు 3, 5, 7, 9. నలుగురికీ ఒకే నమూనా తెల్ల గౌన్లు, బుట్ట చేతులు, నడుముకి లేత గులాబీ రంగు బెల్టు, అంచుకి చేత్తో అల్లిన నర్సాపురం లేసు అనుకున్నాం. రెడీమేడ్ వద్దు. వాటిలో లైనింగు గుచ్చుకుని పిల్లలు ఏడుస్తారు.

నా దగ్గర మామూలు మోటారు మిషనుంది. జిగ్‌జాగ్ లేదు, ఓవర్‌లాక్ లేదు. జాకెట్లు, లంగాలు శుభ్రంగా కుడతాను గానీ లైనింగున్న గౌను ఇదే మొదలు. కింద అంబ్రెల్లా కట్ పెట్టాలా, కుచ్చులు పెట్టాలా? ఏ బట్ట తీసుకోవాలి, ఎన్ని మీటర్లు? లేసు ఎన్ని మీటర్లు చెప్పాలి? ఇంకా ఎనిమిది వారాలు టైముంది.

---

కోనసీమ_కుట్లు (అమలాపురం)

ముందు లేసు సంగతి తేల్చుకోండి. గౌను ఆకారం దాని మీదే ఆధారపడుతుంది. చేత్తో అల్లిన లేసు తిన్నగా ఉండే పట్టీ. పైన గట్టి అంచు, కింద డిజైను. దాన్ని తిన్నని అంచుకే కుట్టాలి. అంబ్రెల్లా అంచు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లేసు పై అంచు ముడుచుకుపోతుంది, లేదా కింది డిజైను సాగి విచ్చుకుంటుంది. పైగా అంబ్రెల్లా కట్‌లో బట్ట కొన్నిచోట్ల నిలువుగా, కొన్నిచోట్ల క్రాసుగా వేలాడుతుంది. క్రాసున్న చోట రెండు రోజుల్లో అర అంగుళం కిందికి దిగుతుంది. లేసు కుట్టాక దిగితే సరిచేయలేం. 5 ఏళ్ళ పాపకి అంబ్రెల్లా పెడితే అంచు చుట్టుకొలత దగ్గర దగ్గర 3.3 మీటర్లు వస్తుంది, అదే కుచ్చులకి 1.6 మీటర్లు చాలు. లేసు ఖర్చులో సగం అక్కడే తేడా. అందుకని కుచ్చుల గౌనే కుట్టండి.

కొలతలు పిల్లల మీదే తీయండి. లెక్క వేసుకోవడానికి మాత్రం ఆ వయసుకి మామూలుగా వచ్చేవి ఇస్తున్నాను, అన్నీ అంగుళాల్లో. 3 ఏళ్ళకి ఛాతీ 21, నడుము 21. 5 ఏళ్ళకి 23, 22. 7 ఏళ్ళకి 25, 23. 9 ఏళ్ళకి 27, 25. భుజం నుంచి నడుము దాకా బాడీ పొడవు వరసగా 9, 10, 11, 12. మొత్తం గౌను పొడవు చీలమండకి మూడంగుళాలు పైన ఆగేలా 25, 29, 33, 37 పెట్టుకోండి. చీలమండ దాకా ఫొటోలో బాగుంటుంది గానీ చర్చి మెట్లెక్కేటప్పుడు చేతిలో బుట్ట ఉంటుంది, గౌను ఎత్తిపట్టుకోవడానికి పిల్లకి చెయ్యి ఖాళీ ఉండదు. చిన్నపాప తప్పకుండా తొక్కుకుంటుంది.

నడుము కొలత పిల్ల అన్నం తిన్నాక తీయాలి. చిన్నపిల్లల పొట్ట తిన్నాక ఒక అంగుళం పెరుగుతుంది, పెళ్ళిలో భోజనం అయ్యాక కూడా అదే గౌనులో తిరగాలి కదా.

బాడీకి ఛాతీ మీద 3 అంగుళాలు వదులు, నడుము మీద 2 అంగుళాలు. 5 ఏళ్ళ పాపకైతే 23కి 3 కలిపి 26, నాలుగో వంతు ఆరున్నర, దానికి పక్క కుట్టుకి ఒక అంగుళం. వెనక రెండు ముక్కలకీ జిప్పు కోసం మధ్యలో ఇంకో అంగుళం వదలండి. చంక లోతు అయిదున్నర. మెడ వెడల్పు రెండుంబావు, ముందు లోతు 3, వెనక 2. చిన్నపిల్లలకి టక్కులు అక్కర్లేదు.

బట్ట లెక్క 44 అంగుళాల పన్నాకి. కింది భాగానికి చిన్నపిల్లలిద్దరికీ ఒకటిన్నర పన్నా, పెద్దవాళ్ళిద్దరికీ రెండు పన్నాలు. అంటే నడుముకి రెండున్నర నుంచి మూడున్నర రెట్ల కుచ్చు. ముక్క పొడవు ఇలా కట్టండి: గౌను పొడవులోంచి బాడీ తీసేసి, లేసు వెడల్పు 2 అంగుళాలు తీసేసి, కుట్లకి 1 అంగుళం, లోపల దాచే మడతలకి (పిల్ల ఎదిగాక విప్పుకునేవి) 2 అంగుళాలు కలపాలి. 17, 20, 23, 26 వస్తాయి. ఈ లేసు వెడల్పు తీసేయడం చాలామంది మర్చిపోతారు, గౌను నేల తుడుస్తుంది. పెద్దవాళ్ళ చేతులకి విడిగా బట్ట కావాలి. చిన్నవాళ్ళ చేతులు మిగిలిన అర పన్నాలోనే వచ్చేస్తాయి. మొత్తం మీద 1.25, 1.5, 1.75, 2 మీటర్లు, కలిపి ఆరున్నర. నూలు బట్టయితే తడిపినప్పుడు కుదించుకుంటుంది కాబట్టి 7 మీటర్లు ఒకే థానులోంచి కోయించుకోండి. వేరే థానులోది తెలుపు తేడా వస్తుంది. లైనింగు నాలుగుంబావు మీటర్లు. పెద్దపాపకి ఒకటిన్నర పన్నా, మిగతా ముగ్గురికీ ఒక పన్నా లైనింగు చాలు.

కింది భాగంలో అతుకులు ఎక్కడ రావాలో కూడా ముందే చూసుకోండి. ముందువైపు పూర్తి పన్నా ఒకటి పెట్టండి. వెనకవైపు ముక్కని నిలువునా సగానికి కోస్తే ఆ మధ్య అతుకు సరిగ్గా జిప్పు కిందికి వస్తుంది.

---

అల్లికసూది (నర్సాపురం)

కోనసీమవారి కుచ్చుల మాటే నాదీనండి. లేసు లెక్క నేను చెబుతాను. ఒకటిన్నర పన్నాలో మూడు అతుకులు పోగా 63 అంగుళాలు, రెండు పన్నాల్లో 85. నలుగురికీ కలిపి 296 అంగుళాలు, అంటే ఏడున్నర మీటర్లు. నూలు లేసు తడిపితే కుదించుకుంటుంది, నూటికి 5 వేసుకోండి. చివరలు కలపడానికి ఒక్కో గౌనుకి 2 అంగుళాలు. ఎనిమిది మీటర్లు కాస్త దాటుతోంది, ఎనిమిదిన్నర చెప్పండి.

ఇప్పుడే చెప్పండి, ఆలస్యం చేయకండి. నలుగురి గౌన్లకీ ఒకే చేతి అల్లిక కావాలని గట్టిగా అడగండి. ఒకే డిజైను, ఒకే దారం ఇచ్చినా ఒకరు బిగువుగా అల్లుతారు, ఇంకొకరు వదులుగా. రెండంగుళాల పట్టీలో పావంగుళం తేడా వస్తుంది. పిల్లలు నలుగురూ పక్కపక్కన నిలబడితే ఆ తేడా తెలిసిపోతుంది. పై అంచు కనీసం పావంగుళం నిండుగా, రంధ్రాలు లేకుండా అల్లమనండి. మీకు జిగ్‌జాగ్ లేదు కాబట్టి ఆ నిండు అంచే మీకు ఆధారం.

దుకాణంలో మీటరు లెక్కన కొంటుంటే మిషను లేసుని చేతి లేసని ఇచ్చేస్తారు, చూసుకోవాలి. ఒక పోగు తీసి కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఎడమవైపు తిప్పి చూసినా తెలుస్తుంది, చేతి అల్లికలో ఒక్కో కొలికి విడివిడిగా కనిపిస్తుంది. నర్సాపురం క్రోషె లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లేవాళ్ళకి కాస్త పని పెరగాలంటే మనలాంటివాళ్ళం అసలుది అడిగి కొనాలి.

లేసు రాగానే కుట్టేయకండి. గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్ళు అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి పొడవు సాగి వెడల్పు తగ్గుతుంది. ఆరాక మందపాటి తువ్వాలు మీద ఎడమవైపు పైకి పెట్టి ఇస్త్రీ చేస్తే అల్లిక చదును కాకుండా ఎత్తుగా నిలబడుతుంది.

రంగు మాట. లేసు ముందు కొని, దాన్ని పట్టుకెళ్ళి బట్ట కొనండి. బట్ట ముందు కొంటే లేసు కలవదు. షాపులో ట్యూబులైటు కింద అన్నీ తెల్లగానే ఉంటాయి, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూడాలి. మామూలుగా నూలు లేసు కొంచెం పాలమీగడ రంగులో ఉంటుంది, పాలిస్టరు శాటిను నీలంగా మెరుస్తుంది. ఆ రెండూ కలిపి కుడితే కొత్త లేసు కూడా మాసినట్టు కనబడుతుంది.

---

తెల్లగౌను (తణుకు)

నేను ఒక్క విషయంలో ఒప్పుకోలేకపోతున్నాను. అందరూ నూలు అంటున్నారు. పెళ్ళి గౌనుకి మెరుపు ఉండాలి కదండీ. శాటిను పైన పల్చటి ఆర్గంజా వేస్తే ఫొటోల్లో ఎంతో బాగుంటుంది. లైనింగు నూలుదే వేస్తే పిల్లకి గుచ్చుకోదు.

---

కోనసీమ_కుట్లు (అమలాపురం)

గుచ్చుకోదు, నిజమే. చెమట మాటేమిటండి? మే నెలలో మన డెల్టాలో గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలిసిందే. లోపల నూలు పీల్చుకున్న చెమట పైన పాలిస్టరు ఉంటే బయటికి ఆరదు. ఆరాధన, ప్రమాణాలు, ఫొటోలు కలిపి రెండు గంటలు. చంకల్లో, వీపు మీద లైనింగు తడిసి శాటినుకి అంటుకుని మరకలా కనబడుతుంది. 3 ఏళ్ళ పాపకి ఒళ్ళు చెమటకాయలతో పేలిపోతుంది.

మెరుపే కావాలంటే కాటన్ శాటిన్ తీసుకోండి. నూలుతోనే శాటిను నేత, మెత్తని మెరుపు ఉంటుంది, నిలబడుతుంది, లేసూ బట్టా ఒకే జాతి కాబట్టి ఉతికినకొద్దీ ఒకేలా మారతాయి. లోపలికి కేంబ్రిక్, అంటే పల్చటి నూలు బట్ట. రాజమండ్రి తాడితోటలో రెండూ దొరుకుతాయి. కాటన్ శాటిన్‌కి ఒక జాగ్రత్త ఉంది. వెలుగు పడే దిక్కుని బట్టి మెరుపు మారుతుంది, అందుకని ముక్కలన్నీ ఒకే దిక్కుకి పెట్టి కోయాలి. బట్ట కలిసొస్తుందని ఒక ముక్క తలకిందులుగా వేస్తే ఆ ముక్క వేరే రంగులా ఉంటుంది.

పెళ్ళి డిసెంబరులో అయ్యుంటే మీ శాటిను, ఆర్గంజాకి నేనూ సరేనంటాను.

---

కత్తెర_టేపు (భీమవరం)

కాటన్ శాటిన్, కేంబ్రిక్, కుచ్చులు ఖాయం చేశామండి. లేసుకి ఇవాళే చెప్పేశాను. ఇప్పుడు భయం కుట్టడం దగ్గరే. ఓవర్‌లాక్ లేకుండా లోపలి అంచులు పోగులు ఊడకుండా ఎలా దాచాలి? జిప్పు దగ్గర కుచ్చులు లావై ఇరుక్కుంటుందని ఎవరో అన్నారు. జిగ్‌జాగ్ లేకుండా లేసు కుట్టడం ఎలా? ఇంకొకటి, పెళ్ళికూతురు గౌను గొడుగులా నిలబడాలంటోంది. క్యాన్‌క్యాన్ వేయాలా?

---

బాబిన్_దారం (రాజోలు)

ఓవర్‌లాక్ లేకపోవడమే మేలు అనుకోండమ్మా. ఓవర్‌లాక్ దారమే పిల్లలకి గుచ్చుకునేది. వరస చెబుతాను, ఈ వరస తప్పకండి.

బట్టా, లైనింగూ రెండూ కోయకముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. లైనింగు తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే అది కుదించుకుని పై బట్ట నడుము దగ్గర బుడగలా ఉబ్బుతుంది. కొత్త సూది 11 నంబరు వేయండి. మొద్దుబారిన సూది కాటన్ శాటిన్‌లో పోగు లాగేస్తుంది, ఆ గీత పోదు. గుండుసూదులు కుట్టు మార్జిన్‌లోనే గుచ్చండి.

మొదట పాత పంచె ముక్కతో బాడీ ఒకటి కచ్చా కుట్టుతో కుట్టి పిల్లకి వేసి చూడండి, నలుగురికీ. చేతులు పైకెత్తమనండి. బాడీ మొత్తం పైకి లేస్తే చంక లోతు ఎక్కువైనట్టు. లోతుగా కోస్తే వదులుగా ఉంటుందనుకుంటారు గానీ అది తప్పు, చంక ఎంత కిందికి దిగితే చెయ్యి అంత బాడీని లాగుతుంది. అర అంగుళం పైకి జరపండి.

అసలు బట్టకి వచ్చేసరికి, పై బాడీ భుజాలు కలపండి, లైనింగు బాడీ భుజాలు విడిగా కలపండి. రెండింటినీ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి మెడ చుట్టూ కుట్టండి. మెడ వంపులో అరంగుళానికొక కత్తెర గాటు, కుట్టుకి నూలుపోగంత దూరంలో ఆపాలి. తిప్పి ఇస్త్రీ చేస్తే మెడ అంచు పూర్తిగా లోపలికి పోతుంది. పైపింగ్ అక్కర్లేదు. చంక దగ్గర రెండు పొరలూ కలిపి కచ్చా వేసి బుట్ట చెయ్యి ఎక్కించండి. చంక మార్జిన్‌ని లైనింగులోంచి కోసిన ఒకటింబావు అంగుళం క్రాస్ పట్టీతో చుట్టేయండి. చెయ్యి అడుగున ఎలాస్టిక్ 5 ఏళ్ళ పాపకి 8 అంగుళాలు, వేసి చూసి రెండు వేళ్ళు దూరాలి. పక్క కుట్టు చెయ్యి చివర నుంచి నడుము దాకా ఒకే గీతలో. పక్క కుట్టు లోపల వదిలిన మార్జిన్ కోసేయకండి, అది క్రిస్మస్‌కి పనికొస్తుంది.

కుచ్చులకి మిషను కుట్టు పొడవు అన్నిటికన్నా పెద్దది పెట్టి, పై టెన్షన్ కాస్త వదులు చేసి రెండు వరసలు వేయాలి. అసలు కుట్టు గీతకి ఒకటి పైన, ఒకటి కింద. ఒక్క వరసతో లాగితే కుచ్చు అడ్డదిడ్డంగా పడుకుంటుంది. అతుకు వచ్చిన ప్రతిచోటా దారం ఆపి మళ్ళీ మొదలెట్టండి, అతుకు మీంచి లాగితే దారం తెగుతుంది. బాడీ నడుమునీ, కింది భాగాన్నీ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టి గుర్తుకి గుర్తు కలపండి.

జిప్పు సంగతి. వెనక మధ్యన రెండువైపులా ఒక్కో అంగుళం కుచ్చు లేకుండా చదునుగా వదిలేయండి. ఇరుక్కునేది అక్కడే. నడుము మార్జిన్ జిప్పు దాటే చోట లావు తగ్గించడానికి పై పొర కాలంగుళం, కింది పొర అరంగుళం ఉండేలా మెట్లుగా కోయండి. ఇన్విజిబుల్ జిప్పు నడుముకి కనీసం మూడంగుళాలు కిందికి దిగాలి, లేకపోతే తల పట్టినా భుజాలు పట్టవు. నైలాన్ జిప్పే కొనండి. మెడ దగ్గర జిప్పు కొన వీపుకి తగలకుండా లైనింగుని దాని మీదికి మడిచి చేత్తో కుట్టి, పైన చిన్న హుక్కు పెట్టండి.

కింది భాగాన్ని పై బాడీకి మాత్రమే కలపాలి. లైనింగు కింది భాగం కూడా ఆ కుట్టులోనే కలిసిపోతుంది. లైనింగు బాడీ అంచుని మాత్రం చివర్లో అరంగుళం లోపలికి మడిచి నడుము కుట్టుని కప్పేలా చేత్తో హెమ్మింగ్ చేయండి. ఒక్కో గౌనుకి అరగంట పని. పిల్ల ఒంటికి తగిలేది ఆ చోటే, మిషనుతో లాగించేయకండి. కింద అతుకులన్నీ దొంగ కుట్టు. మంచివైపు బయటికి పెట్టి ముందు కాలంగుళం మీద కుట్టి, అంచు కత్తిరించి, తిప్పి మళ్ళీ కాలంగుళం మీద కుడితే పోగు బయట పడదు. అతుకుకి మొత్తం ఒక అంగుళం లెక్కలో వేశారు కాబట్టి సరిపోతుంది. జిప్పు వచ్చే అతుకు మాత్రం మామూలు కుట్టే. దాని అంచులు మడిచి కుట్టండి.

జిగ్‌జాగ్ లేకుండా లేసు ఇలా. గౌను అంచుని మంచివైపుకి, మళ్ళీ చదవండి, మంచివైపుకే, కాలంగుళం మడిచి ఇస్త్రీ చేయండి. లేసు నిండు అంచుని ఆ మడత మీద పెడితే పచ్చి అంచు లేసు కింద దాక్కుంటుంది. రెండు తిన్నని కుట్లు వేయాలి, ఒకటి లేసు అంచు పైన, ఒకటి మడత గీతకి ఆనుకుని. లోపలివైపు రెండు చక్కని గీతలే కనబడతాయి. మిషను కాలు అల్లిక రంధ్రాల్లో ఇరుక్కుంటుంటే పైన బటర్ పేపరు ముక్క పెట్టి కుట్టి చింపేయండి. వార్తాపత్రిక పెట్టొద్దు, సిరా అంటుతుంది. లేసుని చేత్తో లాగి పట్టుకోకండి, లాగి కుట్టిన లేసు వదలగానే ముడుచుకుని గౌను అంచు అలలు అలలుగా లేస్తుంది. చివరలు జిప్పు కింది అతుకు దగ్గర, ఒకే పువ్వు మీద పువ్వు వచ్చేలా పెట్టి చేత్తో కలపండి.

---

కోనసీమ_కుట్లు (అమలాపురం)

క్యాన్‌క్యాన్ గురించి. వేయొచ్చు గానీ నడుములో కుట్టొద్దు. నడుము దగ్గర నాలుగు పొరల కుచ్చు కలిస్తే పిల్ల లావుగా కనబడుతుంది, మిషను కూడా దాటదు. లైనింగు కింది భాగం మీద నడుముకి అయిదంగుళాలు దిగువన గీత గీసి అక్కడ నెట్ కుచ్చు కుట్టండి. 5 ఏళ్ళ పాపకి 9 అంగుళాల ఎత్తు పట్టీలు రెండు, 60 అంగుళాల పన్నా నెట్ అర మీటరులో వస్తాయి. నెట్ అంచులు, కుట్టూ లైనింగుకి బయటివైపు ఉండాలి, ఒంటివైపు కాదు. లైనింగు నెట్ కన్నా ఒక అంగుళం కిందికి ఉంటే కాళ్ళకి గీసుకోదు. మీ పిల్లల్లో చిన్నదానికి నెట్ అసలు వేయకండి. కూర్చోబెడితే గుచ్చుకుంటుంది, ఎత్తుకున్నా గుచ్చుకుంటుంది. తన గౌనుకి పల్చటి గంజి చాలు.

చర్చిలో పిల్లల చేత కొవ్వొత్తులు పట్టించే ఆలోచన ఎవరికైనా ఉంటే ముందే ఆపండి. నెట్ అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పూలబుట్టో, కొవ్వొత్తో ఏదో ఒకటే. కొవ్వొత్తే కావాలంటే నెట్ పూర్తిగా తీసేయాలి, కొవ్వొత్తి పెద్దపాప చేతికే ఇవ్వాలి, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

3 ఏళ్ళ పాప గౌను మీద ముత్యాలు, పూసలు కూడా వద్దు. లాగి నోట్లో పెట్టుకుంటుంది.

---

పూలబుట్ట (కడియం)

గౌన్ల మీద ఇంత శ్రమ పడుతున్నారు కాబట్టి పూల సంగతి చెప్పాలనిపించింది. తెల్ల గౌనుకి అసలు ప్రమాదం బుట్టలోంచే వస్తుంది. పూలు తాజాగా ఉండాలని నీళ్ళు చల్లి బుట్టలో పోస్తారు. గులాబీ రేకుల తడి రసం అల్లికలోంచి కారి సరిగ్గా పొట్ట మీద మరక చేస్తుంది, పిల్ల బుట్టని పొట్టకి ఆనించుకుని నడుస్తుంది కాబట్టి. రేకులు ముందురోజు రాత్రి విడదీసి, పొడి నూలు గుడ్డ మీద గంటసేపు ఆరబెట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బుట్ట అడుగున తెల్ల ప్లాస్టిక్ షీటు, దాని మీద మిగిలిన కాటన్ శాటిన్ ముక్క వేస్తే అందంగానూ ఉంటుంది. ముదురు ఎరుపు గులాబీలు, కనకాంబరాలు వద్దు. లేత గులాబీ, తెల్ల చామంతి మేలు. లిల్లీలు పెడితే మధ్యలో పుప్పొడి కాడలు తుంచేయండి. ఆ పసుపు బట్టకి అంటితే తడిగుడ్డతో తుడవకండి, ఇంకా లోపలికి పోతుంది. సెల్లో టేపు అద్ది ఎత్తేయండి.

---

కత్తెర_టేపు (భీమవరం)

చాలా సంతోషమండి, అన్నీ రాసుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. లోపల దాచే మడతలు అన్నారు, అవి ఎక్కడ వేయాలి? నడుము బెల్టు జారిపోకుండా ఎలా?

---

బాబిన్_దారం (రాజోలు)

లోపల దాగేది పిల్ల ఎదిగాక విప్పుకునే బట్టే, మడతలు మాత్రం పైకే కనబడేలా, అందంగా వేయాలి. లేసుకి ఒక అంగుళం పైన అరంగుళం లోతు మడత ఒకటి, దానికి అంగుళంన్నర పైన ఇంకొకటి. ఒక్కోటి ఒక అంగుళం బట్ట తింటుంది, రెండూ కలిపి ఆ 2 అంగుళాలు. కుచ్చు లాగకముందే, బట్ట చదునుగా ఉన్నప్పుడే వేసేయండి, తరవాత రావు. ఈ మడతలకి కుట్టు కొంచెం పొడుగ్గా పెడితే విప్పడం తేలిక. డిసెంబరుకి పిల్ల ఒకటి, ఒకటిన్నర అంగుళాలు ఎదుగుతుంది, కింది మడత విప్పితే సరిపోతుంది. విప్పిన చోట గీత కనిపిస్తే తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ చేయండి. వచ్చే ఈస్టరుకి రెండోది.

బెల్టుని విడిగా ఉంచకండి. 7 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడవు ముక్కలు రెండు, మడిచి కుట్టి తిప్పితే 3 అంగుళాల వెడల్పు వస్తుంది. ఒక్కో కొనని పక్క కుట్టులోనే కలిపేయండి, ముందువైపు చదును పట్టీ ఒకటి. వెనక ముడి జిప్పు మీద వస్తుంది కాబట్టి జిప్పు నడుము దగ్గర తెరుచుకున్నా కనిపించదు. గులాబీ రంగు బట్టని విడిగా నాలుగైదు నీళ్ళలో ఉతికి, తెల్లగుడ్డ ముక్కతో తడిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ బట్ట వాడొద్దు, చెమటకే దిగుతుంది.

---

అల్లికసూది (నర్సాపురం)

ఒక్క మాట, గంజి గురించి. గంజి పెట్టి వారం ముందే మడిచి బీరువాలో పెట్టకండి. మన తేమకి బూజు చుక్కలు పడతాయి, వెండిపురుగు గంజి కోసం లేసు కొరుకుతుంది. కుట్టడం అయ్యాక ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, పాత నూలు చీర ముక్కలో చుట్టి వేలాడదీయండి, ప్లాస్టిక్ కవరులో వద్దు. గంజి పెళ్ళికి ముందురోజు ఉదయం, అన్నం వార్చిన గంజి వడగట్టి మూడు రెట్లు నీళ్ళు కలిపి పెట్టండి. లేసుని కూడా అందులోనే ముంచి, పరిచి, వేళ్ళతో డిజైను సర్దితే ఆరాక నిలబడుతుంది. నీలిమందు వేసే అలవాటుంటే మాత్రం ఈ గౌన్లకి వేయొద్దు. నూలు లేసు నీలాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, జిప్పు టేపు, పాలిస్టరు దారం అసలు పీల్చుకోవు. వాటి గీతలు విడిగా కనిపిస్తాయి. అందుకే కుట్టే దారం కూడా లేసు పక్కన పెట్టి, ఆ పాలమీగడ తెలుపే చూసి కొనండి.